శుక్రవారం నోటీసు, సోమవారం కొత్త ఛార్జీ

ఆన్‌లైన్ మార్కెట్లలో చిన్నగా అమ్ముకునేవాళ్ల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరిదీ దాదాపు ఒకే గోడు. వాళ్లు చేసే వస్తువు అదే, కొనేవాళ్లూ వాళ్లే, మధ్యలో నిబంధనలు మాత్రం కుదురుగా ఉండటం లేదు. నేనూ ఏళ్లుగా చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు ఆన్‌లైన్‌లోనే అమ్ముతున్నాను కాబట్టి ఈ ఉత్తరాలను వాయిదా వెయ్యబుద్ధి కాలేదు. వేరే విషయాలపై రాసినవాళ్లకు వచ్చే నెల తప్పకుండా జవాబిస్తాను. ఈసారి చోటంతా వీళ్లకే.

ప్రశ్న: అక్కా, నేను గుడ్డబొమ్మలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కుట్టేది నేనూ, మా తోడికోడలూ. ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది, సోమవారం నుంచి షిప్పింగ్ ఛార్జీలు సవరిస్తున్నామని. ఎంత పెరుగుతుందో అందులో లేదు, ఒక లింకు ఉంది. తెరిస్తే పెద్ద పట్టిక, నాకేమీ అర్థం కాలేదు. నెల తిరిగేసరికి ఆర్డర్లు అంతకుముందు కంటే ఎక్కువే వచ్చాయి, బ్యాంకులో పడిన డబ్బు మాత్రం తగ్గింది. బొమ్మ, పెట్టె కలిపినా కిలో లేదు. మూడు కిలోల ఛార్జీ పడుతోంది. అడిగితే "మా పాలసీ ప్రకారమే కట్ అయింది" అంటున్నారు. నాకు లెక్క రాదా, లేక నన్ను మోసం చేస్తున్నారా? మిషన్ ముందు కూర్చున్నా చేతులు ఆడటం లేదు.
(బొమ్మలు కుట్టే పాఠకురాలు)

జవాబు: మీకు లెక్క బాగానే వచ్చమ్మా. ఆర్డర్లు పెరిగి డబ్బు తగ్గిందని మీరే పట్టుకున్నారు కదా. చాలామంది ఆర్డర్ల సంఖ్య చూసి సంతోషపడి అక్కడే ఆగిపోతారు.

ముందు ఆ మూడు కిలోల సంగతి చూద్దాం. కొరియర్ వాళ్లు బరువుతో పాటు పార్సిల్ ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5000తో భాగిస్తారు. కొన్ని సంస్థలు ఇంకో అంకె వాడతాయి, కానీ ఎక్కువగా కనిపించేది ఇదే. వచ్చినదాన్ని కిలోలుగా తీసుకుంటారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మీరు ఉత్తరంలో రాసిన పెట్టె కొలతలు 40, 30, 12. గుణిస్తే 14,400. 5000తో భాగిస్తే 2.88. దాన్ని పై స్లాబుకు తీసుకెళ్తే 3 కిలోలు. మీకు పడింది సరిగ్గా అదే. ఇంతకుముందు మీ మార్కెట్ అసలు బరువు చూసి ఛార్జీ వేసి ఉంటుంది, ఇప్పుడు చోటు చూసి వేస్తోంది. ఆ పట్టికలో ఎక్కడో ఒక గడిలో ఈ మాట ఉండే ఉంటుంది.

కాబట్టి ఇది దొంగలెక్క కాదు. కానీ మీతో వ్యవహరించిన తీరు మాత్రం అన్యాయమే. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ డబ్బు సంగతి చూద్దాం.

మీ బొమ్మ మెత్తటిది, నొక్కితే నలగదు, విరగదు. దానికి గట్టి పెట్టె అవసరం లేదు. లోపల ఒక పలుచని ప్లాస్టిక్ కవరు వేసి, గాలి తీసి, బయట చిరగని పౌచ్‌లో పెట్టి చూడండి. మడిచిన బొమ్మ 32, 22, 8 కొలతల్లో పట్టిందనుకోండి, 5632 వస్తుంది, భాగిస్తే 1.13 దాకా. అరకిలో చొప్పున పెరిగే స్లాబు అయితే ఒకటిన్నర కిలోల్లో పడుతుంది. సగానికి సగం. బొమ్మ అందాక కాసేపు గాలికి ఉంచి దులిపితే దూది మళ్లీ పొంగుతుందని ఒక చిన్న చీటీ రాసి పెట్టండి, లేకపోతే "ఫొటోలో ఉన్నట్టు లేదు" అని రిటర్న్ వస్తుంది.

పంపే ముందు పార్సిల్ పక్కన టేపు పెట్టి ఫొటో, కాటా మీద పెట్టి ఇంకో ఫొటో తీసుకోండి, రెండింటిలోనూ లేబుల్ కనిపించాలి. పౌచ్‌లోకి మార్చాక కూడా పెట్టె లెక్కే వేస్తే, "ఈ పార్సిల్‌ను ఎక్కడ, ఏ తేదీన కొలిచారు, మీకు వచ్చిన కొలతలు ఎంత" అని ఆ ఒక్క ఆర్డర్ నంబరు మీద టికెట్ (సహాయ విభాగానికి పంపే ఫిర్యాదు) వెయ్యండి. "ఛార్జీలు ఎక్కువ వేస్తున్నారు" అని మొత్తం మీద రాస్తే మీకు వచ్చే జవాబు ఎప్పుడూ పాలసీయే. ఒక్క పార్సిల్ కొలతలు అడిగితే ఎవరో ఒకరు చూడక తప్పదు. ఇలాంటి బరువు తగాదాలకు గడువు ఉంటుంది, చాలాచోట్ల అది చాలా తక్కువ. నెలాఖరుదాకా ఆగొద్దు.

ఇక రెండో సంగతి. మీరు ఎంత అమ్మారో చూస్తున్నారు, ఎంత మిగిలిందో నెలకోసారి బ్యాంకులో చూస్తున్నారు. ఈ రెండింటికీ మధ్య సెటిల్‌మెంట్ రిపోర్ట్ అని ఒకటి ఉంటుంది, డ్యాష్‌బోర్డులో పేమెంట్స్ దగ్గర దొరుకుతుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసి ఒకే ఒక్క ఆర్డరును పట్టుకోండి. కొనుగోలుదారు కట్టిన మొత్తం, అందులోంచి కమీషన్, ఆర్డరుకు ఇంత అని పడే ఫీజు, షిప్పింగ్, ఆ ఫీజుల మీద పన్ను, యాడ్స్ పెట్టి ఉంటే వాటి వాటా. ఒక్కొక్కటీ తీసేస్తూ కిందకు రండి. చివర్లో మిగిలినదాంట్లోంచి గుడ్డ, దూది, దారం, ప్యాకింగ్ ఖర్చు తీసెయ్యండి. మీ ఇద్దరి కూలి కూడా తీసెయ్యండి. ఆడవాళ్లు ఇంట్లో చేసే పనికి కూలి రాసుకోరు, అందుకే నష్టం కనబడదు. దయచేసి రాయండి.

ఈ లెక్క వేస్తే ఫీజు పెంపు భారం నిజంగా ఎంతో తెలుస్తుంది. చేతిపని వస్తువుల మార్కెట్ ఎట్సీ 2022 ఏప్రిల్ 11 నుంచి తన కమీషన్‌ను 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. వినేవాళ్లకు ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ వందకు అమ్మితే ఖర్చులన్నీ పోగా పన్నెండు మిగిలే మనిషికి, ఆ ఒకటిన్నర పోయేది ఆ పన్నెండులోంచి. అంటే లాభంలో ఎనిమిదో వంతు ఒక్క మెయిల్‌తో పోయింది. అంతకుముందు 2018లో అదే సంస్థ 3.5 నుంచి 5 శాతానికి పెంచినప్పుడు, వస్తువు ధర మీదే కాకుండా షిప్పింగ్ కోసం కొనుగోలుదారు కట్టే డబ్బు మీద కూడా కమీషన్ తీసుకోవడం మొదలుపెట్టింది. శాతం ఎంత అనేదానికంటే ఒక్కోసారి దేనిమీద శాతం అన్నదే పెద్ద దెబ్బ. మీకు వచ్చిన పట్టికలో కూడా ముందు అదే వెతకండి.

ఇప్పుడు అన్యాయం సంగతి. ఛార్జీలు ఎప్పటికీ పెంచకూడదని నేను అనను. కొరియర్ ఖర్చులు పెరుగుతాయి, చట్టాలు మారతాయి, మోసాలు పెరిగితే నిబంధనలు బిగించాల్సి వస్తుంది. మొదట్లో అమ్మేవాళ్లను ఆకర్షించడానికి తక్కువ తీసుకుని, అందరూ చేరాక పెంచే సంస్థలూ ఉన్నాయి. కారణం ఏదైనా, చిన్న అమ్మకందారుకు సర్దుకోవడానికి సమయం కావాలి. మీరు ఒకే సైజు పెట్టెలు మొత్తంగా కొని పెట్టుకున్నారు, పండక్కి పనికొస్తాయని బొమ్మలు ముందే కుట్టి ఉంచారు, పాత ఛార్జీ చూసి ధర పెట్టారు. ఇవన్నీ శని, ఆదివారాల్లో మార్చడం ఎవరివల్ల అవుతుంది? పెద్ద సంస్థలకు లెక్కలు చూసే మనుషులు వేరే ఉంటారు. మీకు మీరే కుట్టు, మీరే లెక్క, మీరే ప్యాకింగ్.

యూరోపియన్ యూనియన్‌లో 2019లో చేసిన 1150వ నంబరు నిబంధన 2020 జూలై 12 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆన్‌లైన్ వేదిక తన షరతులు మార్చాలంటే అమ్మేవాళ్లకు కనీసం 15 రోజుల ముందు చెప్పాలి. ఆ మార్పు వల్ల అమ్మేవాళ్లు పెద్ద సర్దుబాట్లు చేసుకోవాల్సి ఉంటే ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి. నచ్చకపోతే ఆ గడువులో ఒప్పందం వదులుకునే హక్కు అమ్మేవాళ్లకు ఉంటుంది. అలా చెప్పకుండా చేసిన మార్పు చెల్లదు. మన దగ్గర అలా లేదు కదా అని మీరు అనవచ్చు. కానీ చాలా మార్కెట్ల ఒప్పందాల్లో ఎన్ని రోజుల ముందు చెబుతామన్న వాక్యం ఉంటుంది. మీరు చేరినప్పుడు ఒప్పుకున్న ఒప్పందం తెరిచి ఆ వాక్యం వెతకండి. అందులో ఉన్న గడువు పాటించకపోతే, ఆ మధ్యరోజుల్లో కట్ చేసిన తేడా తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇది బతిమాలుకోవడం కాదు, వాళ్లు రాసుకున్న షరతే.

మిషన్ ముందు మళ్లీ కూర్చోండమ్మా. బొమ్మలో ఏ లోపమూ లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టేబుల్ ల్యాంపులు అమ్ముతాను. రిటర్న్ గడువు ఒక్కసారిగా రెట్టింపు చేశారు, పైగా కారణం చెప్పకుండా తిప్పి పంపొచ్చట. ఒక ల్యాంపు వాడేసి, షేడ్ మాడిపోయి వెనక్కి వచ్చింది. ఇంకోసారి నా పెట్టెలో ఎవరిదో పాత ల్యాంపు ఉంది. క్లెయిమ్ వేస్తే వీడియో స్పష్టంగా లేదని కొట్టేశారు. కొనేవాళ్లకు ఉన్న రక్షణ అమ్మేవాళ్లకు లేదా? రిటర్న్‌లు పూర్తిగా ఆపేసే మార్గం ఉంటే చెప్పండి.
(ల్యాంపుల అమ్మకందారు)

జవాబు: పూర్తిగా ఆపే మార్గం చెప్పను, అది ఉండకూడదని నా అభిప్రాయం. వస్తువును చేత్తో పట్టుకుని చూడకుండా డబ్బు కట్టే మనిషికి వెనక్కి ఇచ్చే వీలు ఉండాలి. ఆ నమ్మకం మీదే కదా మన దగ్గర కొంటున్నారు. మీ కోపం రిటర్న్ మీద కాదు, దుర్వినియోగం ఖర్చు మొత్తం మీ నెత్తిన పడటం మీద. ఆ కోపం న్యాయమైనదే.

దీన్ని చట్టం ఎలా చూసిందో ఒక ఉదాహరణ చెబుతాను. యూరోపియన్ యూనియన్‌లో 2014 జూన్ నుంచి ఆన్‌లైన్ కొనుగోలుకు, కొన్ని మినహాయింపులు తప్ప, 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. మీ మార్కెట్ ఇచ్చింది కూడా ఇలాంటిదే. కానీ అదే చట్టంలో రెండో సగం ఉంది. వస్తువు ఎలా ఉందో, పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి అవసరమైనంత మించి వాడి విలువ తగ్గిస్తే, ఆ తగ్గిన విలువకు కొన్న మనిషే బాధ్యుడు. ల్యాంపు ఒకసారి వెలిగించి చూడటం వేరు, షేడ్ మాడేదాకా వాడటం వేరు. మీరు పంపిన పాలసీ కాపీ మొత్తం చదివాను. మొదటి సగం ఉంది, రెండో సగం ఎక్కడా లేదు. టికెట్ వేసేటప్పుడు ఇదే అడగండి: వాడి పాడుచేసిన వస్తువుకు పూర్తి రీఫండ్ ఇవ్వాలని మీ పాలసీలో ఏ వాక్యం చెబుతోంది?

వీడియో గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్లెయిమ్‌లు ఎక్కువగా అక్కడే పోతున్నాయి. పార్సిల్ విప్పాక తీసిన వీడియో పనికిరాదు. మూసి ఉన్న పెట్టెతో మొదలుపెట్టండి. లేబుల్ మీద నంబరు చదవగలిగేంత దగ్గరగా చూపించి, నోటితో కూడా చదవండి. ఆరు వైపులా తిప్పండి, టేపు ముందే చింపి మళ్లీ అంటించిన గుర్తులుంటే అక్కడ ఆగండి. కాటా మీద పెట్టి బరువు చూపించండి, పంపినప్పటి బరువుతో తేడా ఉంటే అదే పెద్ద సాక్ష్యం. అప్పుడు కోయండి. మొదలునుంచి చివరిదాకా కెమెరా ఆగకూడదు, పెట్టె తెర దాటి పోకూడదు. ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో కోస్తే అన్నీ వణుకుతాయి, చిన్న స్టాండు కొనుక్కోండి. ల్యాంపు అడుగున, కొనేవాళ్ల కంట పడని చోట, మీ గుర్తు ఒకటి చెరగని సిరాతో వెయ్యండి, పంపే ముందు ఆ గుర్తును ఆర్డర్ నంబరు చీటీ పక్కన పెట్టి ఫొటో తీయండి. పాత ల్యాంపు మీ పెట్టెలో వచ్చినప్పుడు అది మీది కాదని నిరూపించేది ఈ గుర్తే.

ఇంకో మాట. మీ రిటర్న్ కారణాల్లో "రంగు వేరుగా ఉంది" అన్నది చాలాసార్లు కనిపిస్తోంది. మీ లిస్టింగ్ (వస్తువును అమ్మకానికి పెట్టిన పేజీ) ఫొటోలన్నీ ల్యాంపు వెలిగించి తీసినవి. వెలగనప్పుడు షేడ్ ఎలా ఉంటుందో పగటి వెలుతురులో తీసిన ఫొటో కూడా పెట్టండి. ఈ రకం రిటర్న్‌లు మీ చేతిలో ఉన్నవి.

ప్రశ్న: అక్కా, ఫోన్ కవర్లు అమ్ముతాను. ఉన్నట్టుండి అకౌంట్ సస్పెండ్ చేశారు. కారణం "పాలసీ ఉల్లంఘన", అంతే. ఏ పాలసీ, ఏ వస్తువు, ఏమీ లేదు. అప్పీల్ చేస్తే రెండు నిమిషాల్లో "పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు" అని వచ్చింది. రెండు నిమిషాల్లో ఏం పరిశీలించారు? రావాల్సిన డబ్బు కూడా ఆపేశారు. నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
(కవర్లు అమ్మే తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క పని చెయ్యకు. కోపంలో ఇంకో పేరుతో కొత్త అకౌంట్ తెరవకు. చాలా మార్కెట్లలో అది వేరే ఉల్లంఘన, దాంతో మొదటి అకౌంట్ కూడా శాశ్వతంగా పోవచ్చు.

రెండు నిమిషాల్లో వచ్చిన జవాబు మనిషి ఇచ్చింది కాకపోవచ్చు. నాకూ ఒకసారి ఇలాగే అయింది. నా నోటుపుస్తకాల్లో ఒకదాని పేరులో "తోలు రంగు అట్ట" అని ఉంది. జంతు చర్మంతో చేసిన వస్తువుల మీద కొత్త నిబంధన వచ్చిన వారంలోనే ఆ లిస్టింగ్ ఎగిరిపోయింది. అది కాగితపు అట్ట. మొదటి అప్పీల్‌కు నీకు వచ్చినట్టే రెండు లైన్ల జవాబు. రెండోసారి పొడుగు ఉత్తరం రాయలేదు. "తోలు అన్నది రంగు పేరు, ముడిసరుకు కాగితం" అని ఒక వాక్యం, కాగితం కొన్న బిల్లు, అట్ట అంచు పొర కనిపించేలా తీసిన ఫొటో పెట్టాను. లిస్టింగ్ తిరిగి వచ్చింది. నా బాధ గురించి రాసిన ఉత్తరం కంటే ఆ అంచు ఫొటోయే పనిచేసింది.

నీ విషయంలో నాకు తోచేది ఇది. కవర్ల టైటిల్స్‌లో ఫోన్ కంపెనీ పేరు ముందు పెట్టి ఆ తర్వాత "కవర్" అని రాశావు. అలా రాస్తే అది ఆ కంపెనీయే చేసిన కవర్ అన్న అర్థం వస్తుంది, బ్రాండు పేర్ల దుర్వినియోగం కింద ఆపేస్తారు. "ఫలానా మోడల్‌కు సరిపోయే కవర్" అని రాయడాన్ని చాలా మార్కెట్లు ఒప్పుకుంటాయి. నిన్నటిదాకా చూసీచూడనట్టు వదిలేసినదాన్ని ఇవాళ నిబంధన బిగించి పట్టుకున్నారు. ఆ సంగతి ముందే చెప్పి, సరిదిద్దుకోవడానికి వారం ఇచ్చి ఉంటే నీ అకౌంట్ దాకా వచ్చేది కాదు. ఆ మాట నేను గట్టిగానే అంటాను.

అప్పీల్ ఇలా రాయి. మొదట, ఏ లిస్టింగ్‌లు, ఏ నిబంధన కింద సమస్య అనుకుంటున్నావో. తర్వాత, వాటిలో ఏం మార్చబోతున్నావో, పాత టైటిల్, కొత్త టైటిల్ పక్కపక్కన. చివర్లో, కవర్లు ఎవరి దగ్గర కొన్నావో బిల్లులు. బిల్లు మీద పేరు, అకౌంట్ మీద పేరు ఒకటే అయి ఉండాలి. అంతకంటే ఎక్కువ వద్దు. ఈ అప్పీల్‌ను మనిషి చూసి నిర్ణయించాలని స్పష్టంగా అడుగు.

డబ్బు ఆపడం గురించి వేరే టికెట్ వెయ్యి, అప్పీల్‌తో కలపకు. ఏ తేదీదాకా ఆపుతారు, ఏ షరతు కింద, ఎంత మొత్తం, ఈ మూడూ రాసి ఇమ్మను. రిటర్న్‌లు వస్తాయేమోనని కొంత డబ్బు కొన్నాళ్లు పట్టి ఉంచడం మార్కెట్లలో మామూలే. కానీ అది ఎంత దాకా పోవచ్చో 2023లో చూశాం. ఎట్సీ కొందరు అమ్మకందారుల సొమ్ములో 75 శాతం దాకా, 45 రోజుల వరకు ఆపి ఉంచింది. సరుకు పంపాలి, ముడిసరుకు కొనాలి, చేతిలో డబ్బు లేదు. గొడవ పత్రికల్లోకి ఎక్కాక సంస్థ ఆ పద్ధతిని సడలించింది. అమ్మేవాళ్లు తేదీలతో, అంకెలతో మాట్లాడబట్టే అది వార్త అయింది.

రాత్రిళ్లు డ్యాష్‌బోర్డ్ చూస్తూ కూర్చోకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. ఇంట్లోవాళ్లకు విషయం చెప్పు, ఒక్కడివే మొయ్యకు.

ప్రశ్న: అమ్మేవాళ్లమంతా కలిసి ఒక వారం షాపులు మూసేస్తే దారికి రారా?
(ఒక పాఠకుడు)

జవాబు: మూశారండీ, రెండు పెద్ద ఉదాహరణలు ఉన్నాయి. 2008లో ఈబే అనే ఆన్‌లైన్ మార్కెట్ తన ఫీజులు మార్చడంతో పాటు, అమ్మేవాళ్లు కొనేవాళ్లకు నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వకూడదని ప్రకటించింది. అప్పటిదాకా ఇద్దరూ ఒకరి గురించి ఒకరు రాసుకునేవారు. ఫిబ్రవరిలో చాలామంది అమ్మకందారులు ఒక వారం పాటు బాయ్‌కాట్ చేశారు. ఆ ఏడాది మే నెలలో నిబంధన అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత వెనక్కి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో ఎట్సీ ఫీజు పెంచిన రోజు నుంచే వేలమంది తమ షాపులను వెకేషన్ మోడ్‌లో (తాత్కాలిక సెలవులో) పెట్టి వారం రోజులు మూశారు. ఫీజు పెంపు వెనక్కి తీసుకోవాలి, ఫ్యాక్టరీ సరుకు తెచ్చి చేతిపని అని అమ్మేవాళ్లను అరికట్టాలి, బయటి సైట్లలో ఎట్సీ ఇచ్చే ప్రకటనల పథకంలోంచి తప్పుకునే వీలు అందరికీ ఇవ్వాలి అని అడిగారు. ఫీజు తగ్గలేదు.

ఆ సమ్మెలు వృథా అని నేను అనను. ఎవరికి వాళ్లు గదిలో కూర్చుని తమదే లోపం అనుకుంటున్న వేలమందికి అది తమ ఒక్కరి సమస్య కాదని తెలిసింది. అయితే చిన్నవాళ్లు వారం మూస్తే వేదికకు తగిలే దెబ్బ కంటే వాళ్ల వంటింటికి తగిలే దెబ్బ పెద్దది. మూసినవాళ్ల చోట్లో ఇంకొకరి సరుకు కనిపిస్తుంది.

నిజంగా ఒప్పందాన్ని మార్చింది ఇంకో పద్ధతి. జర్మనీలో పోటీ నియంత్రణ సంస్థ (వ్యాపారాల మధ్య పోటీ న్యాయంగా సాగుతోందా అని చూసే ప్రభుత్వ సంస్థ) బుండెస్‌కార్టెల్ఆమ్ట్‌కు అమెజాన్ మీద అమ్మకందారులు పెద్ద సంఖ్యలో ఫిర్యాదులు పంపారు. ఆ ఫిర్యాదుల వల్లే 2018 నవంబరులో విచారణ మొదలైంది. అప్పటిదాకా ఆ ఒప్పందం ప్రకారం అమెజాన్ ఎవరి అకౌంట్‌నైనా కారణం చెప్పకుండా, వెంటనే మూసేయవచ్చు. 2019 జూలైలో అమెజాన్ షరతులు మార్చడానికి ఒప్పుకుంది. మామూలు సందర్భాల్లో అకౌంట్ మూయాలంటే 30 రోజుల ముందు చెప్పాలి, కారణం ఇవ్వాలి. షరతులు మార్చాలంటే 15 రోజుల ముందు చెప్పాలి. తగాదా వస్తే ఒక్క లక్సెంబర్గ్ కోర్టుకే వెళ్లాలన్న నిబంధన కూడా సడలింది. ఈ మార్పులు జర్మనీకే పరిమితం కాలేదు, ప్రపంచవ్యాప్తంగా అమెజాన్ మార్కెట్ల ఒప్పందాల్లోకి వచ్చాయి. ఒక దేశంలో చిన్న వ్యాపారులు ఓపిగ్గా రాసిన కాగితాల ఫలితం మిగతా దేశాల్లోని వాళ్లకూ అందింది. నాకు ఈ సంగతి తలుచుకుంటే చాలా ధైర్యంగా ఉంటుంది. జపాన్‌లో కూడా పెద్ద వేదికలు షరతులు మార్చేముందు అమ్మేవాళ్లకు చెప్పాలన్న చట్టం 2021 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

అందుకే నా మాట ఇది. మీకు తెలిసిన అమ్మకందారులు పదిమంది కలవండి. అందరూ ఒకే నిబంధన గురించి, ఒకే నమూనాలో రాయండి: నోటీసు వచ్చిన తేదీ, అమలైన తేదీ, పాత కోత, కొత్త కోత, మీరు వేసిన టికెట్, దానికి వచ్చిన జవాబు. నోటీసు మెయిల్‌ను అలాగే భద్రపరచండి, పాలసీ పేజీని మార్పుకు ముందూ తర్వాతా సేవ్ చేసుకోండి, ఎందుకంటే పాత పేజీ తర్వాత దొరకదు. ఆ కట్టను వినియోగదారుల ఫోరానికి కాదు, పోటీ నియంత్రణ సంస్థకు పంపండి, మీరు కొనేవాళ్లు కాదు కాబట్టి. "మమ్మల్ని తొక్కేస్తున్నారు" అన్న వందమంది మాట కంటే, ఒకే నమూనాలో పదిమంది పంపిన లెక్కలను వాళ్లు పట్టించుకునే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: సొంత వెబ్‌సైట్‌లో మార్కెట్‌లో కంటే తక్కువ ధరకు అమ్మితే అకౌంట్‌కు ఇబ్బంది వస్తుందా? పార్సిల్‌లో నా సైట్ అడ్రసు కార్డు పెట్టొచ్చా?
(సబ్బులు తయారుచేసే పాఠకురాలు)

జవాబు: ధర విషయం ముందు. ఇంకెక్కడా మా దగ్గరకంటే తక్కువకు అమ్మకూడదన్న షరతు ఒకప్పుడు చాలా ఒప్పందాల్లో నేరుగా ఉండేది. అమెజాన్ ఐరోపాలో 2013లో, అమెరికాలో 2019లో ఆ షరతు తీసేసింది. అయితే షరతు పోయినంత మాత్రాన ప్రభావం పోదు. బయట తక్కువ ధర కనిపిస్తే అమ్మేవాళ్ల సరుకును వెతుకులాటలో వెనక్కి నెడుతోందని ఆరోపిస్తూ 2023 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై దావా వేసింది. కాబట్టి మీ ఒప్పందంలో ధరల గురించి ఏం రాసి ఉందో ముందు చూడండి. ఏమీ లేకపోయినా, రెండు చోట్లా ఒకే సబ్బును వేరు ధరకు పెట్టడం కంటే, మీ సైట్‌లో మూడు సబ్బుల సెట్, మార్కెట్‌లో విడి సబ్బు పెట్టండి. పోల్చడానికి వీల్లేని సరుకైతే తగాదా రాదు.

కార్డు మాత్రం పెట్టకండి. కొనేవాళ్లను బయటి సైటుకు మళ్లించడాన్ని చాలా మార్కెట్లు ఉల్లంఘనగా చూస్తాయి, పట్టుబడితే అకౌంటే పోవచ్చు. మీ సబ్బు పేరు మాత్రం ప్రతి రేపర్ మీద స్పష్టంగా, వెతికితే దొరికేంత ప్రత్యేకంగా ఉండాలి. సరుకు మీద సొంత పేరు ముద్రించడాన్ని మార్కెట్లు సాధారణంగా ఆపవు. పేరు ఖాయం చేసే ముందు అదే పేరుతో ఇంకెవరైనా సబ్బు అమ్ముతున్నారేమో ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో ఒకసారి వెతకండి, రేపర్లు అచ్చు వేయించాక తెలిస్తే ఖర్చు రెండింతలు అవుతుంది.